వంద రూపాయలకి కంపెనీ ఓనరు ఎవరో తెలుస్తుంది, చాలాసార్లు

ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో కంపెనీ పేరు కొడితే డైరెక్టర్లు, అడ్రసు, క్యాపిటల్ ఉచితంగా వచ్చేస్తాయని అందరికీ తెలుసు, వాటి గురించి రాయను. నాకు తెగ నచ్చినది, ఇన్నేళ్లుగా వాడుతున్నది, పబ్లిక్ డాక్యుమెంట్స్. ఒక్కో కంపెనీకి వంద రూపాయల చొప్పున పోర్టల్‌లో కడితే, ఆ కంపెనీ ఏటా వేసే యాన్యువల్ రిటర్న్ చూడొచ్చు. ఎంజీటీ-7 అంటారు, చిన్న కంపెనీలకైతే 7ఏ. అసలు సరుకంతా దానికి జత చేసే షేర్‌హోల్డర్ల జాబితాలో ఉంటుంది.

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో మాది ఎలక్ట్రికల్ సామాన్ల సప్లై. కేబుళ్లు, ప్యానెల్ బోర్డులు అన్నీ అరువు మీదే పోతాయి. ప్రైవేట్ లిమిటెడ్ బాకీ పడితే అది కంపెనీ బాకీయే తప్ప వాటాదారుల ఇంటికెళ్లి అడగలేం, అందుకే వెనక ఎవరున్నారో ముందే చూసుకుంటాను.

మధురవాడ వైపు అపార్ట్‌మెంట్లు కడుతున్న ఒక కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు, కార్డు మీద ఛైర్మన్ అని ఉంది. "కంపెనీ నాదేనండీ, మీరేం టెన్షన్ పడకండి" అన్నాడు. పోర్టల్‌లో డైరెక్టరుగా ఆయన పేరుంది. డబ్బులు తీసుకుని రిపోర్టులిచ్చే ఒక ప్రైవేటు సైటులో అయితే ఏకంగా ఓనర్ల వరసలోనే వేశారు. స్టీరింగ్ పట్టుకున్నవాడే బండి ఓనరన్నట్టు! దానికి నేను కట్టింది వంద కంటే చాలా ఎక్కువ, ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సరే, ఎంజీటీ-7 తీశాను. ఆయనకి ఒక్క షేరు కూడా లేదు. దాదాపు అన్నీ ఇంకో ప్రైవేట్ లిమిటెడ్ పేరున ఉన్నాయి, ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు సభ్యులుండాలి కాబట్టి కాబోలు, ఒక్క షేరు మాత్రం వేరే మనిషి పేరున పెట్టారు. ఆ రెండో కంపెనీ రిటర్న్ కోసమూ వంద కట్టి చూస్తే వాటాదారులు భార్యాభర్తలిద్దరే, అడ్రసు సీతమ్మధార. ఛైర్మన్ గారు జీతం మీద పనిచేస్తున్నారట. ఆ దంపతులతోనే మాట్లాడి, ఇద్దరి చేతా సొంత గ్యారంటీ రాయించుకున్నాకే సరుకు పంపాం. డబ్బులు ఆలస్యంగానైనా వచ్చాయి.

అయితే ఆ జాబితా మార్చి 31 నాటిది. సెప్టెంబరు ఆఖరులోగా ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం), ఆ తర్వాత రిటర్న్ వేయడానికి 60 రోజులు, అంటే అక్టోబరులో చూస్తే మీ చేతికొచ్చేది ఏడాదిన్నర కిందటి లెక్క కావచ్చు. మధ్యలో షేర్లు చేతులు మారితే ఆ మార్పు కంపెనీ రిజిస్టర్‌లోనే ఉంటుంది, బదిలీ జరిగిన వెంటనే పోర్టల్‌కి వేరే ఫారం ఏమీ రాదు. కొత్త షేర్లు ఇస్తే మాత్రం పీఏఎస్-3 అనే ఫారం వేయాలి, అదీ చూడండి. వెనకుండి 10 శాతమో అంతకంటే ఎక్కువో వాటా ఉన్నవాళ్ల వివరాల కోసం బెన్-2 అనే ఫారం 2018 నిబంధనలతో వచ్చింది గానీ, నేను చూసే చిన్న కంపెనీల దగ్గర అది అరుదుగా కనబడింది. ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) అయితే దాని వార్షిక రిటర్న్, ఫారం 11 చూడాలి. మామూలు భాగస్వామ్య సంస్థలు ఇక్కడ దొరకనే దొరకవు.

నావి లక్షల్లో అరువులు కాబట్టి వంద నాకు లెక్క కాదు, కొత్త కస్టమరు వస్తే ఇప్పటికీ కడతాను, కాకపోతే తాజా వాటాదారుల వివరం కంపెనీ లెటర్‌హెడ్ మీద కూడా అడుగుతున్నాను. ఫ్లాటు కొనేవాళ్లకి ఇదెంత పనికొస్తుందో చెప్పలేను, మా బామ్మర్ది కోసం చూసినప్పుడు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైటులోని ప్రాజెక్టు పేజీతోనే పనైపోయింది.