ఎదురెండలో మనిషి ఫొటో: మీటరా, ఫ్లాషా, థర్మకోల్ షీటా?

మాఘమాసంలో మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ అయ్యాక, సాయంత్రం ఫొటోలకని అందరం విజయవాడ పున్నమి ఘాట్‌కి వెళ్లాం. పొద్దు వాలడానికి ఇంకా అరగంట ఉంది. మేనకోడలికి వెనక కృష్ణా కావాలి, ఆకాశమూ కావాలి. మొదటి ఫొటోలో ఓణీ జరీ అంచు మెరిసింది కానీ మొహం నీడబొమ్మలా వచ్చింది. "మావయ్యా, ఇందులో నేనెక్కడ?" అంది.

కెమెరాలో వెలుగుని కొలిచే మీటర్‌కి మనిషి తెలియదు. ఎదురుగా ఉన్నదంతా సగటున 18 శాతం వెలుగుని తిప్పికొట్టే బూడిద రంగు అనుకుని లెక్క కడుతుంది. ఫ్రేమ్ నిండా ఆకాశమూ మెరిసే నీళ్లూ ఉంటే ఆ వెలుగునే తగ్గిస్తుంది. దాంతోపాటు మొహమూ చీకటైపోతుంది.

అందరికీ ముందు తోచేది ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే మీటర్ చెప్పినదానికన్నా వెలుగుని మనమే పెంచడమో తగ్గించడమో. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్ (లెన్స్ రంధ్రం; అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) 5.6 దగ్గర కెమెరా షట్టర్ వేగం 1/500 సెకను చూపిస్తోంది. ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపో సగమో కావడం. ఒకటిన్నర స్టాప్ పెంచితే 1/180కి దగ్గరగా వస్తుంది. మొహం బాగుపడింది కానీ ఆకాశం తెల్లకాగితం అయిపోయింది. పిల్లలు పరిగెడుతున్నప్పుడు, వెనక ఏముందో పట్టింపు లేనప్పుడు ఇదే మేలు. అంతకన్నా త్వరగా అయ్యే పని లేదు.

స్పాట్ మీటరింగ్‌ని చాలామంది మెచ్చుకుంటారు. నాకు మాత్రం దాని మీద గురి తక్కువ. మొహం మీద చిన్న చుక్కంత భాగాన్నే కొలిచి, ఆ చర్మాన్ని కూడా అదే మధ్యస్థ బూడిదకి తెస్తుంది. మా అమ్మది నలుపు, మేనకోడలిది పచ్చటి ఛాయ. అమ్మ మొహాన్ని కొలిస్తే ఆమె ఉన్నదానికన్నా తేలిపోయి వచ్చింది, పక్కనున్న పిల్ల పాలిపోయింది. ఎదురెండలో మనం సరిచేయాల్సింది వెలుతురుని, మనిషి రంగుని కాదు. నల్లటి మనిషి ఫొటోలోనూ నల్లగా, కళ్లు కనిపించేలా ఉండాలి. అందుకని నేను మొహానికి బదులు అరచేతిని కొలుస్తాను. ఒంటి రంగు ఏదైనా అరచేతుల్లో అంత తేడా ఉండదు. వాళ్ల మొహం మీద పడే నీడలోనే అరచేయి పెట్టించి, స్పాట్ రీడింగ్ తీసుకుని, దానికి ఒక స్టాప్ కలిపి, కెమెరా తనంతట తాను మార్చకుండా మాన్యువల్‌లో పెట్టేస్తాను. అప్పుడు అమ్మ అమ్మలాగే వచ్చింది. అయితే ఆకాశం ఇక్కడా పోతుంది.

రెండూ కావాలంటే మొహం మీదికి వెలుగు తేవాల్సిందే. దానికి దారులు రెండు.

ఫ్లాష్ పెడితే ముందు ఆకాశానికి లెక్క చూసుకోవాలి. 1/200, ఎఫ్ 11 పెడితే ఇందాకటి ఆటో రీడింగ్ కన్నా ఆకాశం కొంచెం ముదురుగా, రంగుతో వస్తుంది. షట్టర్ అక్కడే ఎందుకంటే, చాలా కెమెరాల్లో మామూలు ఫ్లాష్ 1/200, 1/250 దాటితే కుదరదు. అంతకన్నా వేగంలోనూ ఫ్లాష్ వెలిగించే హై స్పీడ్ సింక్ ఉన్నా ఫ్లాష్ బలం బాగా పడిపోతుంది. ఆటో ఫ్లాష్‌ని ఒక స్టాప్ తగ్గిస్తే మొహం మీద అతికించినట్టు ఉండదు. చిక్కల్లా నగలతోనే. కెమెరా మీదున్న ఫ్లాష్ నేరుగా పడితే కాసుల పేరులో తెల్లటి మచ్చలు, నుదుటి మీద చెమట మెరుపు.

థర్మకోల్ షీట్ ఖరీదు తక్కువ, వెలుగు మెత్తన. మా చిన్న మేనల్లుడు మీటరు దూరంలో నిలబడి, ఎండని వాళ్ల అక్క మొహం మీదికి తిప్పాడు. కళ్లల్లో చిన్న వెలుగు చుక్క కూడా వచ్చింది. వెండి రంగు రిఫ్లెక్టర్ అయితే ఆ పిల్ల కళ్లు చిట్లించేది. కానీ ఏటి గాలికి షీట్ నిలవదు, పట్టుకునే మనిషి ఉండాలి. పైగా ఒకరిద్దరికే సరిపోతుంది. పొద్దు కుంకిందంటే అది ఉత్త అట్టే.

ఏదీ చేతిలో లేకపోతే రా ఫైల్‌లో (కెమెరా పట్టిన వివరమంతా కుదించకుండా దాచే ఫైల్) ఆకాశం చెడకుండా తీసి, ఇంటికొచ్చాక నీడల్ని రెండు స్టాప్‌ల వరకూ లేపుకోవచ్చు, కాస్త నాయిస్ (ఇసక చల్లినట్టు చుక్కలు) వస్తుంది. పూర్తిగా తెల్లబడిన ఆకాశం మాత్రం తిరిగి రాదు. మామూలుగా వచ్చే కుదించిన ఫైల్, జేపెగ్‌తో ఈ పని పెట్టుకోవద్దు. ఫోన్ అయితే మొహం మీద నొక్కి, ఆకాశం మరీ తెల్లబడకుండా, పక్కన కనిపించే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగండి.

ఆ సాయంత్రం ఎండ ఉన్నంతసేపూ మేనకోడలికి థర్మకోలే వాడాను. పన్నెండు మందీ మెట్ల మీద వరసగా నిలబడినప్పుడు ఫ్లాష్ వాడాను. అమ్మని మాత్రం పక్కకి పిలిచి, అరచేయి చూపించమన్నాను. ఆకాశం పోతే పోయిందిలే అనుకున్నాను.