అద్దె క్లబ్బులో నలిగిన స్పోర్ట్ బోటును ‘కొద్దిగా వాడినది’ అని అమ్ముతున్నారు, జాగ్రత్త

ఉత్తర తెలంగాణలో చెరువు మీదనో రిజర్వాయరు మీదనో తిప్పడానికి పాత స్పోర్ట్ బోటు కొనాలనుకుంటున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి. నేను 9 లక్షల 40 వేలు ఇచ్చాక తెలుసుకున్నాను.

నాది హనుమకొండ. ఇరవై ఏళ్లుగా గ్రానైటు క్వారీలకు కంప్రెసర్లు, జనరేటర్లు సరఫరా చేస్తున్నాను. పాత యంత్రం కొనేటప్పుడు ఎక్కడ చూడాలో, అమ్మేవాడు ఏది దాస్తాడో నాకు తెలుసునన్న ధీమా ఉండేది. ఆ ధీమాయే నన్ను ముంచింది. పడవ మాత్రం ఇంకా మునగలేదు.

మా బావమరిదికి నర్సంపేట వైపు ఒక చెరువు పక్కన చిన్న రిసార్టు ఉంది. పాకాల చూడడానికి వచ్చినవాళ్లు తిరిగి వెళ్తూ అక్కడ ఆగుతారు. కాకతీయులు కట్టించిన చెరువుల పుణ్యాన మా ప్రాంతంలో నీళ్లకు కొదవ లేదు, పడవల సంగతి తెలిసినవాళ్లకే కొదవ. అనుమతుల కోసం ఏడాది తిరిగి, అవి చేతికి వచ్చాక ఏ పడవ కొనాలన్న ప్రశ్న వచ్చింది. అంతకుముందు దసరా సెలవుల్లో పిల్లలతో కలిసి ఒక పెద్ద రిజర్వాయరుకు వెళ్లాం. అక్కడ అద్దెకు పడవలు తిప్పే ఒక బోటు క్లబ్బులో ఒక అమెరికా కంపెనీ స్పోర్ట్ బోటు ఎక్కాం. పదిహేడు అడుగుల పొడవు, 115 హార్స్‌పవర్ ఇంజను. మలుపులో ఒక పక్కకు ఒరిగి నీళ్లు చిమ్ముతుంటే పిల్లలు కేకలు పెట్టారు. నిజం చెప్పాలంటే నేనూ పెట్టాను. పది నిమిషాల ఆ తిరుగుడుతోనే కంపెనీ పేరు మనసులో పడిపోయింది. తర్వాత వేరే కంపెనీల వివరాలు తెప్పించుకున్నా చదివింది లేదు.

కొత్తది మా స్థోమతకు మించిన ధర. డీలరే ఒక దారి చూపించాడు. ‘ఆ క్లబ్బు వాళ్లు పడవలు మారుస్తున్నారు సార్. ప్రదర్శన కోసం అప్పుడప్పుడు తిప్పిన ఒక పడవ ఉంది. 2022 మోడలు, 186 గంటలే నడిచింది’ అన్నాడు. అవర్ మీటరు చూపించాడు, 186 అనే ఉంది. జేసీబీ కొన్నా జనరేటరు కొన్నా మేము మొదట చూసేది ఆ మీటరే. చూశాను, సంతోషించాను, డబ్బు కట్టాను.

రిసార్టులో మూడో ఆదివారం, పడవలో ఆరుగురు ఉండగా, చెరువు నడుమ ఇంజను కీచుమని అరిచి ఆగిపోయింది. చేపలు పట్టే ఒక పెద్దాయన తెప్ప మీద వచ్చి, తాడు కట్టి, మమ్మల్ని గట్టుకు లాక్కొచ్చాడు. ‘కొత్త పడవే కదా బిడ్డా?’ అని అడిగాడు. గట్టు మీద నిలబడ్డ జనంలో ఒక కుర్రవాడు పడవ పక్కన పెద్ద అక్షరాలతో ఉన్న కంపెనీ పేరును బిగ్గరగా చదివాడు. అందరూ నవ్వారు. ఆ పేరు ఇక మా ఊళ్లో ఎవరూ కొనరు, అది మాత్రం ఖాయం.

విశాఖపట్నం నుంచి ఒక మెకానిక్కును పిలిపించాం. అతను వచ్చీ రాగానే ముందరి మీటరు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ‘అది విడి మీటరు సార్, విప్పి కొత్తది పెట్టొచ్చు’ అని చెప్పి, ల్యాప్‌టాప్‌ను ఇంజను కంప్యూటరుకు కలిపాడు. ఇప్పటి అవుట్‌బోర్డ్ ఇంజన్లు (పడవ వెనక బయటివైపు బిగించేవి) ఎన్ని గంటలు నడిచిందీ, అందులో ఏ వేగంలో ఎంతసేపు నడిచిందీ తమలోనే రాసుకుంటాయట. మా ఇంజను రాసుకున్నది 1,240 గంటలు.

నేను నమ్మలేదు. అప్పుడు అతనే లెక్క కట్టాడు. అద్దెకు తిప్పే పడవ వారానికి ఎనిమిది గంటలు నడిచినా ఏడాదికి నాలుగు వందలు దాటుతుంది, మూడేళ్లకు పన్నెండు వందల పైమాటే. సొంతానికి వాడుకునేవాళ్లు ఏడాదికి వంద గంటలు దాటించడం అరుదు. పైగా ఏ గంటలన్నది కూడా చూడాలి. పది నిమిషాలకోసారి ఆపడం, మళ్లీ తిప్పడం, జనం కేకలు పెట్టాలని నిండా వేగంతో గిరగిరా మలపడం, ఎండాకాలం నీళ్లు తగ్గితే అడుగును రాళ్ల మీద రాసుకుంటూ పోవడం. నూరు గంటలకో ఏడాదికో, ఏది ముందు వస్తే దానికి, ఇంజను ఆయిలు మార్చాలి. 1,240 గంటలకు సర్వీసు పుస్తకంలో పన్నెండు ముద్రలు ఉండాలి. ఉన్నవి రెండు.

గేరు పెట్టె మర విప్పితే పాలు ఎక్కువైన టీ రంగులో ఆయిలు కారింది. నీళ్లు కలిసిందన్న మాట. ప్రొపెల్లరు తీస్తే దాని వెనక ఇరుసుకు గాలం తీగ చుట్టుకొని, సీలు కోసుకుపోయి ఉంది. మన రిజర్వాయర్లలో వలలూ గాలాలూ లేని చోటు ఏది? అందుకే వాడిన పడవ ఏదైనా సరే, ప్రొపెల్లరు తీయించి వెనక చూడకుండా కొనకండి. అర గంట పని. అమ్మేవాడు ‘అవసరం లేదు సార్’ అంటే లేచి వచ్చేయండి. ఇక చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు చక్రం ఇసుకకు అరిగి సగమైంది. గుర్రపుడెక్క వేళ్లు నీళ్లు పీల్చే రంధ్రాల్లో ఎండిపోయి ఉన్నాయి. మేము చెరువులో ఉన్నప్పుడు ఇంజను పక్కనుంచి పిచికారీలా రావాల్సిన నీళ్లు సన్నని ధారగా వస్తుంటే, అది మామూలేమో అనుకున్నాం.

ఇంతవరకు ఇంజను గోల. ఇంజను మార్చుకోవచ్చు. పడవ ఒంటిని ఏం చేస్తాం? ఇంజను బిగించే వెనకగోడను మెకానిక్కు చిన్న సుత్తి పిడితో అక్కడక్కడా తట్టాడు. ఒకచోట కణకణమంది, నాలుగుచోట్ల తడి అట్టముక్క మీద కొట్టినట్టు మొద్దుగా పలికింది. ఫైబరు లోపలి చెక్క నానిపోయింది. మర బిగించిన చోట్ల సీలు పోయి, నీళ్లు లోపలికి దిగాయి. పడవ తేలడానికి అడుగున నింపే నురుగు (ఫోమ్) కూడా నీళ్లు తాగిందేమోనని అతనికి అనుమానం. దాన్ని తేల్చే ఉపాయం మాత్రం నాదే. ట్రైలరుతో సహా పడవను తీసుకెళ్లి గ్రానైటు లారీలు తూచే కాంటా మీద నిలబెట్టాను, తర్వాత ఖాళీ ట్రైలరును తూచాను. పెట్రోలు తీసేశాక కూడా కంపెనీ పుస్తకంలో రాసిన బరువు కంటే 190 కిలోలు ఎక్కువ. ఇద్దరు మనుషులంత నీటిని కడుపులో మోసుకుంటూ తిరుగుతోంది ఆ పడవ! ఈ పరీక్షకు అయిన ఖర్చు కాంటా రుసుము, రెండు టీలు. కొనకముందే చేయాల్సింది.

మోడలు సంవత్సరం కూడా అబద్ధమే. అమెరికాలో తయారైన పడవకు వెనకగోడ మీద కుడివైపు పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు సంఖ్య ఉంటుంది, చివరి రెండు అంకెలు మోడలు సంవత్సరం. మా పడవ మీద దాన్ని రంగు పూసి కప్పారు. గీకితే చివర 20 కనిపించింది.

డీలరుకు ఫోను చేశాను. ‘అమ్మింది క్లబ్బు సార్, మేము మధ్యవర్తులమే’ అన్నాడు. క్లబ్బు వాళ్లేమో ‘ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నానని మీరే సంతకం పెట్టారు కదా’ అన్నారు. పెట్టాను, నిజమే. కంపెనీకి రాస్తే, వాణిజ్యంగా అద్దెకు వాడిన పడవకు వారంటీ వర్తించదని మర్యాదగా జవాబు వచ్చింది.

ఇక్కడే నాకూ మా బావమరిదికీ వాదన. ‘కంపెనీయే చెత్తది బావా, ఆ పేరు మళ్లీ ఎత్తకు’ అంటాడు అతను. పడవ కట్టుబడి మంచిదే, అంత వాడకానికి వేరే పడవ అయితే ఎప్పుడో విడిపోయేదని మెకానిక్కు అంటాడు. నాకు ఇద్దరి మాటా సగమే నిజమనిపిస్తుంది. డీలరు నాతో మొదటిరోజే గొప్పగా చెప్పాడు: క్లబ్బుకు పడవలు తక్కువ ధరకు ఇచ్చారట, పక్కన పేరు పెద్దగా ఉండాలన్నది షరతట, రోజూ ఎక్కే జనమే ప్రచారమట. ఆ ప్రచారం నా మీద పనిచేసింది కూడా. కానీ అదే పేరు మూడేళ్ల తర్వాత చిరిగిన సీట్లతో, పొగలు కక్కుతూ తిరుగుతున్నప్పుడు కూడా ప్రచారం జరుగుతూనే ఉంటుందని ఎవరూ ఆలోచించినట్టు లేదు. పక్కింటి రేవులో అదే కంపెనీ పడవ నిగనిగలాడుతూ కనిపించే దేశంలో క్లబ్బు పడవ చెడిపోతే జనం క్లబ్బును తిట్టుకుంటారు. మా దగ్గర అలా పోల్చుకోవడానికి ఇంకొకటి ఎక్కడిది? క్లబ్బు పడవ ఎలా ఉంటే కంపెనీ అలా ఉన్నట్టే.

అద్దెకు ఇవ్వడమే తప్పని నేను అనను. మా వైపు వరికోత యంత్రాలకు పేరు వచ్చిందే అద్దెల మీద. గంటకు ఇంతని మాట్లాడుకున్న రైతు గట్టు మీద కూర్చొని ఏ యంత్రం బురదలో దిగబడుతుందో, ఏది గింజ రాల్చకుండా కోస్తుందో చూస్తాడు. కానీ ఆ యంత్రాన్ని నడిపేది యజమానో, అతను నమ్మి తెచ్చుకున్న డ్రైవరో. పొలంలో ఆగిపోతే ఆ రోజు సంపాదన పోయేది వాళ్లకే, కాబట్టి గ్రీజు డబ్బా పక్కనే ఉంటుంది. నేను ఎక్కిన పడవను నడిపిన పిల్లవాడిది రోజుకూలీ. ఎన్ని చక్కర్లు కొడితే అంత బత్తా.

అమెరికాలో ఫ్లోరిడాలోని సారసోటాలో 1989లో ఫ్రీడమ్ బోట్ క్లబ్ అని ఒకటి మొదలైంది. సభ్యులు చేరేటప్పుడు ఒక రుసుము, తర్వాత నెలనెలా చందా కడతారు, శిక్షణ తీసుకుని తామే నడుపుకుంటారు, పడవ బాగోగులు క్లబ్బు చూసుకుంటుంది. 2019లో దాన్ని బ్రన్స్‌విక్ కొనేసింది. సీ రే, బేలైనర్, బోస్టన్ వేలర్ పడవలూ మెర్క్యురీ ఇంజన్లూ తయారుచేసేది ఆ సంస్థే. పడవ ఎక్కి మురిసినవాడు రేపటి కొనుగోలుదారు అవుతాడన్న ఆశ వాళ్లకూ ఉండి ఉంటుంది. చందాతోనే సరిపెట్టుకుని అసలు కొనకుండా ఉండిపోయేవాళ్లూ ఉంటారు, అది వేరే సంగతి. కానీ తయారీదారే సొంతంగా నడిపే క్లబ్బులో పడవ పాడైతే నష్టం ఆ తయారీదారు జేబుకే తగులుతుంది. మా డీలరు జేబుకు తగిలింది కమీషను.

ఒక్క విషయం మాత్రం డబ్బుకు సంబంధించినది కాదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగినప్పుడు మా కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. ఆ ఇళ్ల ముందు నిలబడ్డవాళ్లలో నేనూ ఒకణ్ణి. అందుకే లైఫ్ జాకెట్లు లేకుండా ఒక్క చక్కరు కూడా కొట్టించలేదు. అదే పడవ అడుగున నీళ్లు తాగి ఉందని తెలియకుండా ఆరుగురిని ఎక్కించానన్నది ఇప్పటికీ నిద్రపట్టనివ్వదు. కొనేటప్పుడు 2021 నాటి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం కింద రిజిస్ట్రేషను, సర్వే పత్రాలు అడగండి. నాకు ‘వారంలో పంపిస్తాం’ అన్నారు. ఏడు నెలలైంది.

ప్రస్తుతం ఇంజను విశాఖలో ఉంది. పడవను షెడ్డులో బోర్లించి, అడుగున రంధ్రాలు పెట్టి ఆరబెడుతున్నాం, ఇంకా కారుతోంది. ఇది ఇప్పుడు రాయడానికి కారణం వేరే. అదే క్లబ్బు పడవలు మరో రెండు కరీంనగర్, మంచిర్యాల వైపు అమ్మకానికి తిరుగుతున్నాయని నిన్న తెలిసింది. తెల్లటి ఒళ్లు, నీలం చార, కొత్తగా కుట్టించిన సీట్లు, రెండు వందల గంటల లోపు చూపించే మెరిసిపోయే మీటరు. మీకు చూపించిన పడవ వెనకగోడ మీద కుడివైపు చేత్తో తడమండి. అక్కడ రంగు మందంగా తగిలితే గోటితో గీకి చూడండి, అమ్మేవాడి ముందే.