మందుల గోదాములో పదిహేనేళ్లు నడిచిన మోడెమ్‌లు

కోఠి ఇసామియా బజారులో మాది మందుల టోకు వ్యాపారం. 1997 నుంచి 2012 వరకు మా లెక్కలన్నీ మోడెమ్‌ల ద్వారా, అంటే కంప్యూటర్ సమాచారాన్ని శబ్దంగా మార్చి పంపే పరికరాల ద్వారా, టెలిఫోన్ తీగ మీదే నడిచాయి. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, మహబూబ్‌నగర్‌లలో నాలుగు డిపోలు ఉండేవి. రాత్రి దుకాణం కట్టేశాక ఒక్కో డిపో నుంచి ఆ రోజు అమ్మకాలు, మిగిలిన సరుకు, గడువు దగ్గరపడిన బ్యాచ్‌ల వివరాలు హైదరాబాద్‌కు రావాలి. వాటిని చూసి తెల్లవారుజామున మేము పెట్టెలు కట్టి, మొదటి ఆర్టీసీ బస్సుకు పార్సిల్ అందించాలి. ఫైలు రాకపోతే సరుకు కదలదు. ఇన్సులిన్ నిండుకున్న డిపోకు మరో రోజంతా ఇన్సులిన్ చేరదు. అందుకే మోడెమ్ కొనేటప్పుడు నేను వేగం గురించి అడగడం చాలా త్వరగా మానేశాను. రాత్రి పది గంటలకు, మనిషి పక్కన లేకుండా, ఏడాదిలో ఎన్నిసార్లు తప్పకుండా కలుస్తుందన్నదే నాకు కావాల్సిన సంగతి.

మొదట కంప్యూటర్ లోపల అమర్చే కార్డులు కొన్నాము. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో అప్పట్లో ఏ దుకాణానికి వెళ్లినా ముందుగా అవే చూపించేవారు. ధర తక్కువ, అట్టపెట్టె మీద వేగం అంకె పెద్దది. వాటిలో చాలావరకు సాఫ్ట్‌మోడెమ్‌లని తర్వాత తెలిసింది. తీగ మీది శబ్దాన్ని అక్షరాలుగా మార్చే పని ఆ కార్డు చేయదు, కంప్యూటర్ ప్రాసెసర్ చేత చేయిస్తుంది. దాన్ని నడిపే డ్రైవర్ విండోస్‌కే ఉంటుంది. మా స్టాకు ప్రోగ్రాం విండోస్ కాకుండా, పాత డాస్ వ్యవస్థ మీద ఫాక్స్‌ప్రోలో రాసింది, కాబట్టి ఆ కార్డు దానికి కనిపించనే లేదు. ఒక డిపోలో విండోస్ వేసి ప్రయత్నించాము. ఫైలు వెళ్తుండగా ఎవరైనా పెద్ద రిపోర్టు తీస్తే ప్రాసెసర్‌కు ఊపిరాడక లైను తెగిపోయేది. ఇంట్లో ఉత్తరాలు చూసుకునేవారికి అది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. వ్యాపారానికి మాత్రం అలాంటి కార్డును నేను ఎవరికీ చెప్పను.

కార్డుతో ఇంకో చిక్కు ఉంది. ఎంత మంచి మోడెమ్ అయినా ఎప్పుడో ఒకసారి బిగుసుకుపోతుంది. అది బయట ఉంటే స్విచ్ తీసి వేస్తే చాలు. లోపల ఉంటే కంప్యూటర్ మొత్తాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. నేను కోఠిలోని మోడెమ్‌లకు కరెంటు ఒక టైమర్ స్విచ్ ద్వారా ఇచ్చాను. రోజూ రాత్రి ఎనిమిదింటికి రెండు నిమిషాలు ఆపి మళ్లీ వేసేది. ఆ చిన్న ఏర్పాటు తర్వాత రాత్రిపూట ఇంటి నుంచి గోదాముకు పరుగెత్తాల్సిన అవసరం దాదాపు పోయింది.

1998లో యూఎస్ రోబోటిక్స్ కంపెనీ వారి కొరియర్ అనే బయటి మోడెమ్ కొన్నాము. కార్డు ధరకు మూడు రెట్లకు పైనే పెట్టాము. మా నాన్నగారు బిల్లు చూసి, "ఈ డబ్బుతో ఇంకో ఫ్రిజ్ వచ్చేది కదరా" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది, గోదాములో ఫ్రిజ్‌కే ఎక్కువ పని. అయినా ఆ మొదటి కొరియర్ మా దగ్గర పద్నాలుగేళ్లు పనిచేసింది. మధ్యలో ఒక్కసారి అడాప్టర్ మార్చాను, అంతే.

ఇందులో నాకు నచ్చిన మొదటి గుణం, జరిగింది జరిగినట్టు చెప్పడం. ముందు వైపు వరుసగా చిన్న ఎర్ర దీపాలు ఉంటాయి. వాటిలో ఏఆర్‌క్యూ అనే దీపం మీద కన్ను వేసి ఉంచాలి. అవతలి మోడెమ్‌తో తప్పుల సవరణ కుదిరితే అది నిలకడగా వెలుగుతుంది. పాడైన ముక్కను మళ్లీ పంపుతున్నప్పుడు మిణుకుమంటుంది. కాల్ ముగిశాక కంప్యూటర్‌లో ఏటీఐ6 అనే ఆదేశం కొడితే తెర నిండా లెక్క వస్తుంది: ఎన్ని బ్లాకులు పంపింది, ఎన్ని పాడయ్యాయి, మధ్యలో ఎన్నిసార్లు రెండు మోడెమ్‌లూ పని ఆపి కొత్తగా సర్దుకున్నాయి. ఏటీఐ11 కొడితే లైనులో అసలు సంకేతం ఎంత, రొద ఎంత అన్నదీ చూపుతుంది. నేను ఆ అంకెలను ఒక పొడుగు పుస్తకంలో డిపో వారీగా రాసుకునేవాణ్ని. వరంగల్ లైనులో పాడైన బ్లాకులు మామూలుగా మూడో నాలుగో ఉండేవి. ఒక జులైలో అవి వారం పాటు ముప్పై, నలభై, అరవై అంటూ పెరిగాయి. ఫోన్లో మాట మాత్రం బాగానే వినిపిస్తోంది.

లైన్‌మన్ వచ్చి రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని, "లైను శుభ్రంగా ఉంది కదండీ" అన్నారట. మా డిపో అకౌంటెంట్ ఆ అంకెలు చూపించి, "వాన పడిన రాత్రే పెరుగుతున్నాయన్నా, ఒక్కసారి జాయింట్ చూడండి" అని బతిమాలాడు. వీధి చివర ఫోన్ తీగలు పంచే డీపీ పెట్టె విప్పితే తీగల కొసలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వాటిని కత్తిరించి కొత్తగా కలిపారు. ఆ రాత్రి పుస్తకంలో నేను రాసిన అంకె రెండు. మాటకు సరిపోయే లైను మోడెమ్‌కు సరిపోకపోవచ్చు. ఆ తేడాను ముందుగా చెప్పే మోడెమ్‌కే డబ్బు పెట్టండి.

ఇప్పుడు అట్టపెట్టె మీది అంకె సంగతి. 56కె, అంటే సెకనుకు 56,000 బిట్ల వేగం, అన్నది రెండు మామూలు ఫోన్ లైన్ల మధ్య రాదు. ఆ వేగం కుదరాలంటే అవతలి కొస ఇంటర్నెట్ సంస్థలో లాగా ఎక్సేంజీకి నేరుగా డిజిటల్‌గా కలిసి ఉండాలి. అప్పుడు కూడా మనకు వచ్చే దిశలోనే ఆ వేగం, మనం పంపేది సెకనుకు 33,600 బిట్లకు మించదు. తర్వాత వచ్చిన వి.92 ప్రమాణంలో అది 48,000 దాకా పెరిగింది. మా డిపో మోడెమ్ కోఠి మోడెమ్‌కు ఫోన్ చేస్తే రెండు కొసలూ మామూలు లైన్లే. కాబట్టి ఎంత కొత్త మోడెమ్ కొన్నా వి.34 ప్రమాణం ఇచ్చే 33,600 దగ్గరే ఆగుతుంది. ఈ సంగతి ఆ రోజుల్లో ఏ దుకాణదారూ నాకు చెప్పలేదు. రెండు పోటీ పద్ధతులైన ఎక్స్2, కే56ఫ్లెక్స్ ఒకదానితో ఒకటి కలవక జనం తికమకపడుతున్న కాలం అది. 1998లో వి.90 అనే ఉమ్మడి ప్రమాణం వచ్చాక ఆ గొడవ సద్దుమణిగింది. మా కొరియర్‌కు కొత్త మోడెమ్ కొనకుండా, సాఫ్ట్‌వేర్ ఎక్కించి వి.90 నేర్పించాను.

అసలు 33,600 కూడా మాకు ఎప్పుడూ అక్కర్లేకపోయింది. ఒక డిపో ఫైలు కుదించాక సుమారు 300 కిలోబైట్లు. 31,200 వేగంతో అది ఎనభై సెకన్ల లోపు వస్తుంది, 24,000తో వంద సెకన్లు. తేడా ఇరవై పైచిలుకు సెకన్లు. కానీ పాత ఎస్టీడీ లైను మీద మోడెమ్ పై వేగానికి ఎగబాకితే మధ్యలో తడబడి, సర్దుకోవడానికి పది పదిహేను సెకన్లు మింగేస్తుంది. లైను తెగితే మళ్లీ నంబరు తిప్పి, గంట మోగి, రెండూ కూసుకుని కలిసేసరికి నిమిషం పోతుంది, ఎస్టీడీ మీటరు మళ్లీ మొదలవుతుంది. అందుకని నాలుగు డిపోల్లోనూ వేగాన్ని 24,000 దగ్గర కట్టేశాను. కొరియర్‌లో ఆ ఆదేశం ఏటీ&ఎన్12. దాంతో పాటు ఎస్10 రిజిస్టర్‌ను 50 చేశాను, అంటే అవతలి కూత క్షణం ఆగినా ఐదు సెకన్లు ఓపిక పట్టి చూస్తుంది. ఈ రెండు మార్పుల తర్వాత మా తెగిన కాల్స్ ఎంత తగ్గాయంటే, నెలాఖరు ఫోన్ బిల్లు చూసి నాన్నగారే ఏమి చేశావని అడిగారు. ఫైళ్లు పంపడానికి జడ్‌మోడెమ్ అనే పద్ధతి వాడండి, తెగిన చోటి నుంచే మళ్లీ మొదలవుతుంది.

కూత వినడం కూడా ఒక విద్యే. చాలామంది స్పీకర్ ఆపేస్తారు, నేను కలిసేదాకా వినేవాణ్ని. సన్నటి ఈల, తర్వాత గరగర, ఆ మీద ఒకే తీరు హోరు, చివర నిశ్శబ్దం. ఆ హోరు ఆగి మళ్లీ మొదలైతే లైను బాగా లేదని అర్థం. మహబూబ్‌నగర్ కుర్రవాడు ఫోన్ చేసి, "సార్, ఈ రోజు రెండుసార్లు హోరెత్తింది" అని చెప్పేవాడు. పుస్తకం తెరవకుండానే నాకు విషయం తెలిసిపోయేది.

ఆఫీసులో ఈపీఏబీఎక్స్, అంటే సొంత చిన్న ఫోన్ ఎక్సేంజీ, ఉంటే, సున్నా నొక్కి బయటి లైను తీసుకునే చోట మోడెమ్ డయల్ టోన్ లేదని మొరాయిస్తుంది. ఏటీఎక్స్3 ఇస్తే టోన్ కోసం ఆగకుండా తిప్పుతుంది, సున్నా తర్వాత ఒక కామా పెడితే రెండు సెకన్లు ఆగుతుంది. కాల్ వెయిటింగ్ ఉన్న లైనుకు మోడెమ్ పెట్టకండి, ఆ టిక్కుమనే శబ్దం చాలు తెగిపోవడానికి. మేము ఎక్సేంజీలో అర్జీ ఇచ్చి తీయించుకున్నాము. అప్పట్లో గాలిలో నడిచిన డబ్ల్యూఎల్ఎల్ ఫోన్ మీదా ఆశ పెట్టుకోలేకపోయాము. అందులో గొంతును కుదించి పంపేవారు, మోడెమ్ కూత ఆ కుదింపులో చెడిపోయేది. పాత కంప్యూటర్‌కు బయటి మోడెమ్ తగిలిస్తే సీరియల్ పోర్టులో, వచ్చిన అక్షరాలను కాసేపు నిలవ ఉంచే 16550 చిప్పు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అక్షరాలు రాలిపోతాయి, తప్పు మోడెమ్‌ది అనుకుంటారు.

పద్నాలుగు మోడెమ్‌లు కొన్నామంటే అందులో ఐదింటిని పిడుగులే తీసుకెళ్లాయి. కరెంటు వైపు యూపీఎస్ పెట్టి నిశ్చింతగా ఉన్నాను, దెబ్బ ఫోన్ తీగ మీదుగా వచ్చింది. నిజామాబాద్‌లో ఒక మే నెల సాయంత్రం ఉరుము ఉరిమింది, మోడెమ్‌తో పాటు కంప్యూటర్ సీరియల్ పోర్టూ పోయింది. తర్వాత ప్రతి లైనుకూ పిడుగు దెబ్బను నేలలోకి మళ్లించే, గ్యాస్ ట్యూబు ఉన్న సర్జ్ రక్షకం పెట్టించాను. కానీ దానికి ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే అది ఉన్నా లేనట్టే. మన నేల రాయి, ఎండాకాలంలో ఎముకలా ఎండిపోతుంది. ఉప్పు, బొగ్గు వేసిన ఎర్తింగ్ గుంతలో మార్చి నుంచి జూన్ దాకా రోజూ ఒక బకెట్ నీళ్లు పోయమని డిపోలన్నిటికీ చెప్పాను. ఆ తర్వాత పిడుగుకు ఒక్క మోడెమే పోయింది, అది నీళ్లు పోయడం మరిచిన డిపోలో.

కొరియర్‌లో లోపాలు లేకపోలేదు. అడుగున ఉండే బుల్లి స్విచ్చులు మొదటిసారి చూసినవారిని తికమక పెడతాయి, అర్థం కావడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. వేసవిలో బాగా వేడెక్కుతుంది. దాని మీద ఫైళ్లు పేర్చకూడదు, రెండు మోడెమ్‌లను ఒకదానిపై ఒకటి పెట్టకూడదు. అడాప్టర్ పోతే మాత్రం ప్లగ్గు సరిపోయింది కదా అని ఏదో ఒకటి తగిలించవద్దు, వెనుక రాసిన వోల్టేజీ, ఏసీయా డీసీయా అన్నది కలవాలి.

ఇప్పటికీ రాగి తీగ లైను ఉండి, దూరపు గోదాములో అలారానికో, రౌటర్‌కు అత్యవసర దారిగానో మోడెమ్ కావాలనుకునేవారు పాత సామాన్ల దుకాణాల్లో వెతుక్కోవచ్చు. వెళ్లేటప్పుడు ఒక ల్యాప్‌టాప్, సీరియల్ తీగ తీసుకెళ్లండి. మోడెమ్‌కు కరెంటు ఇచ్చి ఏటీఐ7 కొడితే ఏ ప్రమాణాలు తెలుసో, లోపలి సాఫ్ట్‌వేర్ ఏ తేదీదో చూపిస్తుంది. అది సరిపోయాక దుకాణం ఫోన్ లైనుకు కలిపి మీ ఆఫీసు మోడెమ్‌కు ఒక్క కాల్ చేయండి, పది నిమిషాలు పట్టు విడవకుండా ఉంచి, ఏటీఐ6 అంకెలు చూసి అప్పుడు డబ్బు ఇవ్వండి. వీలైతే రెండు కొసలకూ ఒకే రకం రెండు తీసుకోండి.