సుమోలో సైరన్, స్విఫ్ట్‌లో చిప్: రాయగడలో పన్నెండేళ్ల అనుభవం

మా సుమో సైరన్ మోగితే చివరికి వీధి కుక్కలు కూడా తల ఎత్తడం మానేశాయి. మొదటి నెలలో అందరూ కిటికీలు తెరిచి చూసేవారు. రెండో నెలలో ఎదురింటి మౌసీ మాత్రమే బయటికి వచ్చి, సగం ఒడియా సగం తెలుగులో "బాబూ, నీ బండి మళ్లీ ఏడుస్తోంది" అని కేకేసేది. మూడో నెల నుంచి ఆవిడా రాలేదు. బండిని దొంగ నుంచి కాపాడేది అరిచే అలారమా, చిప్ ఉన్న తాళమా అన్నదే ఈ కథ.

మాది ఒడిశాలోని రాయగడ. బట్టల వ్యాపారం. వారంలో సగం రోజులు సంతల్లోనే గడుస్తాయి. బుధవారం చటికొన తప్పదు, మిగతా రోజుల్లో మునిగుడ, గుడారి, ఒక్కోసారి గుణుపురం. బండిని ఏ చింతచెట్టు కిందో, ఏ రైస్ మిల్లు గోడ పక్కనో పెట్టి సాయంత్రం దాకా దాని మొహం చూడం. వెనకాల చీరల మూటలుంటాయి. 2009లో పాత సుమో కొన్నాను, 2003 మోడల్. (అవును, సినిమాల్లో గాల్లోకి లేచే సుమోలే. మాది మూటలేస్తే గట్టు కూడా ఎక్కేది కాదు.) దాని తాళం చెవి ఉత్త ఇనప ముక్క. అరిగిపోయిన వేరే సుమో తాళంతో మా బండి తలుపు తెరుచుకోవడం కళ్లారా చూశాక నిద్ర పట్టలేదు. మరుసటి ఏడాది విశాఖపట్నం వెళ్లినప్పుడు 4,800 రూపాయలు పెట్టి అలారం బిగించాను.

పెట్టెలో వచ్చినవి: సైరన్, రెండు రిమోట్లు, షాక్ సెన్సర్, డాష్ బోర్డు మీద మిణుకుమనే ఎర్ర లైటు, సెల్ఫ్ (ఇంజిన్‌ని మొదట తిప్పే మోటారు) వైరు మధ్యలో పెట్టే రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్. లాక్ చేశాక ఎవరైనా తలుపు తెరిస్తే సైరన్ మోగుతుంది, సెల్ఫ్ తిరగదు. వినడానికి బాగానే ఉంది కదా. బిగించిన కుర్రాడు మూడు గంటలు డాష్ బోర్డు కింద పడుకుని వైర్లు కోసి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టాడు. ఆ టేపు గురించి తర్వాత చెప్తాను.

షాక్ సెన్సర్ కుదుపును పట్టుకుంటుంది. ఆ కుదుపు దొంగదా, లారీదా, వైశాఖం పిడుగుదా అన్నది దానికి తెలియదు. మా వీధి చివర లారీలు తిరిగే రోడ్డు. పెళ్లి ఊరేగింపులో బాంబు పేలితే మోగేది, పిల్లి బానెట్ మీదికి దూకితే మోగేది. సెన్సర్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో తిప్పితే దాని చెవుడు పెరుగుతుంది. విసిగిపోయి తిప్పాను. రాత్రుళ్లు ప్రశాంతం. 2013లో పార్వతీపురంలో ఒక లాడ్జి ముందు బండి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి బ్యాటరీ లేదు. సైరన్ కుయ్ మనలేదు. బానెట్ ఎత్తి ముందు బ్యాటరీ వైరు కోసేస్తే సైరన్‌కి ప్రాణం ఎక్కడ నుంచి వస్తుంది? లోపల సొంత బ్యాటరీ ఉండే సైరన్లు వేరే ఉంటాయనీ, బానెట్ కింద స్విచ్ కూడా పెట్టించుకోవాలనీ అప్పుడు తెలిసింది. నాకు అమ్మినాయన ఈ రెండూ చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి.

ఇంకో సంగతి నవ్వొచ్చేది. ఒకరోజు మునిగుడలో రిమోట్‌లో సెల్ అయిపోయింది. తాళంతో తలుపు తీస్తే సైరన్ మొదలు, సెల్ఫ్ తిరగదు. సంత జనమంతా చూస్తున్నారు. మా దగ్గర పనిచేసే అబ్బాయి "అన్నా, పల్లంలో ఉన్నాం కదా" అని వెనక నుంచి తోశాడు. రెండో గేర్‌లో క్లచ్ వదిలితే ఇంజిన్ అందుకుంది. సైరన్ అరుస్తూనే ఉంది, మేం ఇంటికొచ్చేశాం. దారిలో ఒక్కడంటే ఒక్కడు ఆపి అడగలేదు. అంటే నా బండిని నేనే పట్టపగలు ఎత్తుకొచ్చినట్టు. పాత డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ అక్కర్లేదు. పంపు మీదుండే సోలినాయిడ్ అనే వాల్వుకి కరెంటు అందితే డీజిల్ వెళ్తుంది, చక్రాలు తిరిగితే ఇంజిన్ తిరుగుతుంది. మన కొండ ఊళ్లలో పల్లానికేం కరువు? సెల్ఫ్ ఒక్కటీ ఆపే అలారం ఇక్కడ దొంగకి పెద్ద అడ్డు కాదు.

అందుకని మా మెకానిక్ మామతో చెప్పి ఆ రిలేని డీజిల్ సోలినాయిడ్ వైరు మీదికి మార్పించాను. తెలివైన పని చేశాననుకున్నాను. ఆరు నెలలు తిరక్కుండా, కోరాపుట్ నుంచి సాలూరు దిగుతూ సుంకి ఘాట్‌లో ఇంజిన్ ఆగిపోయింది. మలుపు మధ్యలో. ఇంజిన్ ఆగితే బ్రేకుకి బలమిచ్చే వాక్యూమ్ పంపు కూడా ఆగుతుంది. రెండు మూడు తొక్కుల తర్వాత పెడల్ రాయిలా అయిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగి, కొండ వైపు కాలవలోకి టైరు దింపి ఆపాను. వెనక లారీ డ్రైవరు తిట్టిన తిట్లు ఒడియాలో ఉన్నా అన్నీ అర్థమయ్యాయి. చూస్తే ఆ నల్ల టేపు కింద జాయింటు వదులై, వేడికి రిలే కాళ్లు మాడిపోయి ఉన్నాయి. దొంగ కోసం పెట్టింది నా ప్రాణం మీదికి తెచ్చింది. ఆ రోజే అలారం రిలే పీకించేశాను. దాని బదులు అదే వైరుకి మంచి స్విచ్ ఒకటి, గట్టి జాయింట్లతో, సీటు కింద చేతికి మాత్రమే తగిలే చోట పెట్టించాను. ఖర్చు 350 రూపాయలు. ఆ స్విచ్ ఎనిమిదేళ్లు పనిచేసింది.

ఇప్పుడు స్విఫ్ట్ గురించి. 2013లో కొన్నాను, మా ఇంట్లో ఓడీ 18 (రాయగడ రిజిస్ట్రేషన్) నంబరుతో వచ్చిన మొదటి బండి. షోరూమ్‌లో అలారం కూడా వేయించుకోమని గట్టిగా పట్టుకున్నారు. ఇన్సూరెన్స్‌లో డిస్కౌంట్ వస్తుందన్నారు. ఆ డిస్కౌంట్ సంగతి అప్పట్లో చదివితే ఇదీ: బండ్లని పరీక్షించే పుణెలోని ఏఆర్‌ఏఐ సంస్థ ఆమోదం ఉన్న పరికరమై ఉండాలి, బిగించినట్టు ఆటోమొబైల్ అసోసియేషన్ సర్టిఫికెట్ ఉండాలి. అప్పుడు సొంత డ్యామేజీ ప్రీమియంలో (మన బండి నష్టానికి కట్టే భాగంలో) రెండున్నర శాతం, అదీ 500 రూపాయలు దాటకుండా. మా సుమోకి ఉన్నది థర్డ్ పార్టీ మాత్రమే, అంటే ఎదుటివాళ్ల నష్టానికే. దానికి ఈ లెక్కే లేదు, బండి పోతే పైసా కూడా రాదు.

కారుతో కంపెనీ ఇచ్చిన చిప్ తాళం చాలనుకుని వచ్చేశాను. మారుతి వాళ్లు దాన్ని ఐ-క్యాట్స్ అంటారు, మామూలు మాటలో ఇమ్మొబిలైజర్. తాళం చెవి ప్లాస్టిక్ తలలో బియ్యపు గింజంత చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ లేదు. తాళం పెట్టే కన్నం చుట్టూ తీగ చుట్ట ఒకటి ఉంటుంది, అందులోంచి వచ్చే శక్తితోనే చిప్ మేలుకుని తన గుర్తు చెప్తుంది. ఇంజిన్ కంప్యూటర్‌కి ఆ గుర్తు నచ్చకపోతే పెట్రోలు వదలదు. తీగలు కలిపినా, బండి తోసినా లాభం లేదు, ఎందుకంటే అడ్డుపడేది వైరు కాదు, కంప్యూటరే.

ఇదంతా నాకు పుస్తకంలో చదివితే తెలియలేదు. 2016 చైత్రంలో మజ్జిగౌరమ్మ గుడి దగ్గర జనంలో ఒక తాళం పోయింది. రెండోది ఇంట్లో ఉంది కదా అని, దాన్ని చూపించి బస్టాండు దగ్గర 150 రూపాయలకి డూప్లికేట్ చేయించాను. తలుపు తెరుచుకుంది. సెల్ఫ్ చక్కగా తిరుగుతోంది. ఇంజిన్ మాత్రం అందుకోదు. పెట్రోలు పంపు పోయిందనుకుని మెకానిక్‌ని పిలిస్తే, ఆయన బానెట్ ఎత్తకుండానే "బాబూ, ఇది తాళం కాదు, తాళం బొమ్మ" అన్నాడు. మీటర్ దగ్గర ఒక చిన్న లైటు కొట్టుకుంటూనే ఉంది, నేనే చూసుకోలేదు. అసలు తాళం పెడితే ఒక్క సెకనులో స్టార్ట్. ఆ రోజు కోపం వచ్చింది కానీ, బండి మీద నమ్మకం కుదిరింది కూడా అప్పుడే.

కొత్త చిప్ తాళానికి ఆర్సీ, గుర్తింపు కార్డు, ఉన్న తాళం, బండి అన్నీ తీసుకుని దూరం పోవాల్సి వచ్చింది. దాదాపు 4,000 ఖర్చు, ఒక రోజు పని పోయింది. అక్కడ ఒకటి అడిగి చేయించాను, మీరూ మరచిపోకండి: పోయిన తాళం గుర్తును కంప్యూటర్‌లోంచి తీసేయించాలి. లేకపోతే దొరికినవాడి చేతిలో మీ కారు ఉన్నట్టే. పోలీసు స్టేషన్లో కూడా తాళం పోయిందని రాసిచ్చి కాగితం తీసుకున్నాను. రేపు కారు పోతే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది రెండు తాళాలే.

2018 దసరాకి పార్వతీపురం అత్తారింటికి వెళ్లాం. కారు వీధిలో పెట్టాను. పొద్దున చూస్తే డ్రైవరు వైపు అద్దం పగిలింది, స్టీరింగ్ కింద ప్లాస్టిక్ విరిగింది, రంగురంగుల తీగలు పేగుల్లా వేలాడుతున్నాయి. స్టీరింగ్ లాక్ కూడా విరగ్గొట్టారు. కారు మాత్రం అంగుళం కదల్లేదు. పక్కింటి మాస్టారు రాత్రి రెండింటికి సెల్ఫ్ చప్పుడు విన్నారట, కర్ కర్మని చాలాసేపు. "ఎవరో రైలుకి వెళ్తున్నారనుకున్నానండీ" అన్నారు.

రిపేరుకి 9,000 దాకా అయింది. సైరన్ ఉంటే అద్దం దగ్గరే పారిపోయేవాడేమో అని మా ఆవిడ అంది. ఆ మాటలో నిజముంది, కాదనను. ఇమ్మొబిలైజర్ అద్దాన్ని కాపాడదు, లోపలి స్టీరియోని కాపాడదు, స్టెప్నీని కాపాడదు. బండి కదలకుండా ఆపడం ఒక్కటే దాని పని. క్రేన్‌తో ఎత్తుకుపోతే అదీ చేయలేదు. అయితే అదే వీధిలో అదే రాత్రి మా బావమరిది కారుకి అలారం ఉంది. పండగ టపాసులకి మూడుసార్లు మోగితే, పదకొండింటికే ఆయన దాన్ని ఆఫ్ చేసి పడుకున్నాడు.

ఈ రెండింటిలో ఏది ఎక్కువ అన్నదానికి నా దగ్గరున్న పెద్ద సాక్ష్యం మన ఊళ్లది కాదు, అమెరికాది. అక్కడ ఇమ్మొబిలైజర్ తప్పనిసరి కాదు. యూరప్ 1998లో, ఆస్ట్రేలియా 2001లో, కెనడా 2007లో కొత్త కార్లకి తప్పనిసరి చేశాయి. అమెరికాలో కియా, హ్యుందాయ్ చాలా ఏళ్లపాటు కొన్ని మోడళ్లను చిప్ లేకుండా అమ్మాయి. 2021, 22 ప్రాంతాల్లో పిల్లలు వీడియోలు చూసి, స్టీరింగ్ కింద ప్లాస్టిక్ పీకి, యూఎస్‌బీ కేబుల్ మొనతో ఆ కార్లు తిప్పుకుపోయారు. కెనడాలో అవే కంపెనీల కార్లకి చిప్ ఉంది కాబట్టి ఆ గోల లేదు. 2023లో దాదాపు 83 లక్షల బండ్లకి సాఫ్ట్‌వేర్ మార్పు ప్రకటించారు. ఏం మార్చారో చూడండి: అలారం మోత 30 సెకన్ల నుంచి ఒక నిమిషానికి పెంచారు, తాళం లేకుండా స్టార్ట్ కాకుండా చేశారు. మొదటిది ఎవరికి పనికొచ్చిందో గానీ, రెండోది మాత్రం మా స్విఫ్ట్‌లో మొదటి రోజు నుంచీ ఉంది.

అలాగని చిప్ దేవుడేం కాదు. 2005లోనే అమెరికా పరిశోధకులు ఒక రకం చిప్ రహస్యాన్ని ఛేదించి చూపించారు. ఇంకో రకం గురించి రాసిన పరిశోధనను 2013లో లండన్ కోర్టు ఆపితే, అది బయటికి రావడానికి రెండేళ్లు పట్టింది. కానీ సంత దగ్గర స్క్రూడ్రైవర్‌తో తిరిగేవాడు ఆ రకం కాదు.

2022లో కొన్న కొత్త కారు బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యేది. దానితో కొత్త భయం. తాళం జేబులో ఉంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది. ఒకడు ఇంటి గోడ దగ్గర, ఇంకొకడు కారు దగ్గర చిన్న పెట్టెలతో నిలబడి తాళం సిగ్నల్‌ని కారు దాకా మోసుకెళ్లొచ్చు. అందుకే తాళాన్ని గేటు పక్క మేకుకి తగిలించడం మానేశాం. పాత స్టీలు డబ్బాలో వేసి మూత పెడతాను. డబ్బాని కారు తలుపుకి ఆనించి చూశాను, తలుపు తెరుచుకోలేదు. మూత కొంచెం వదులుగా పెడితే తెరుచుకుంది. కాబట్టి మీ డబ్బాని మీరే పరీక్షించుకోండి.

రిలే పీకాక సుమోలో మిగిలిన అలారం వల్ల జరిగిన చివరి నష్టం 2020 లాక్‌డౌన్‌లో. అది నిద్రలో కూడా బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. 25 మిల్లీ ఆంపియర్లనుకున్నా రోజుకి 0.6, నెలకి 18 ఆంపియర్ అవర్లు. రెండు నెలలు సుమో కదల్లేదు, అసలే పాత బ్యాటరీ, పూర్తిగా చచ్చింది. సైరన్ ఆ రోజు పీకి అటక మీద పడేశాను.

కొత్తగా చిప్ ఉన్న కారు కొన్నవాళ్లు బయట అలారం కోసం వైర్లు కోయించొద్దని నా మాట. వారంటీతో పేచీ ఒకటి, ఘాట్ రోడ్డులో టెన్షన్ ఒకటి. లోపల సరుకు పెట్టి తిరిగేవాళ్లయితే, కోతల్లేకుండా కప్లర్‌కి కప్లర్ (వైర్ల చివరుండే ప్లగ్గులు) తగిలించే రకం, ఇంజిన్ జోలికి పోని సైరన్ పెట్టుకోండి. పాత బండి ఉన్నవాళ్లకి దాచిన స్విచ్, గేర్ లాక్. అంతకు మించి డబ్బు పెట్టకండి.

సుమోని 2021లో గుణుపురం ఆయనకి అమ్మేశాను. స్విచ్ ఎక్కడుందో చెవిలో చెప్పి, చేయి పట్టుకుని తడిమించి మరీ చూపించాను. నాలుగో రోజు ఫోన్. "అన్నా, మంచి బండి అని అంటగట్టావు. పొద్దుటి నుంచి తోస్తున్నాం, నలుగురు మనుషులం, స్టార్టే అవట్లేదు."

"సీటు కింద చేయి పెట్టి చూడు తమ్ముడూ" అన్నాను.