మాగ్నెట్ లూడో బోర్డు: రెండేళ్ల ఎనిమిది నెలలు వాడాక

కాయల అడుగున అయస్కాంతం బిళ్లలుండి బోర్డుకు అంటుకునే లూడో ఇది. ఈ బోర్డు కొనమని మా అపార్ట్‌మెంట్‌లో అయిదారుగురికి చెప్పాను. మా ఆడపడుచు పిల్లలకు నేనే కొనిచ్చాను కూడా. అందుకే మొన్న మే నెలలో జరిగింది కూడా నేనే చెప్పాలనిపించింది.

సంక్రాంతికి విశాఖలో అమ్మావాళ్లింటికి వెళ్లేముందు బీసెంట్ రోడ్డులో కొన్నాం. అప్పటికి మా అమ్మాయికి నాలుగేళ్లు, బాబు ఇంకా పుట్టలేదు. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో బెజవాడ నుంచి విశాఖకు ఆరు గంటల ప్రయాణం. అంతకుముందు ఏలూరు రాకుండానే "ఇంకెంతసేపమ్మా" మొదలయ్యేది. ఈ బోర్డు ఒళ్లో పెట్టుకున్నాక రాజమండ్రి దాకా ఆ మాటే రాలేదు. గోదావరి వంతెన మీదికి రైలు ఎక్కగానే ఆట మధ్యలో వదిలేసి కిటికీకి అతుక్కుపోయింది. వంతెన దాటి వచ్చి చూస్తే కాయలు ఎక్కడివక్కడే! ఈ బోర్డు మీదే ఆడే పాము–నిచ్చెనల్లో తన ఎర్ర కాయ 47లోనే ఉంది. మామూలు అట్ట బోర్డయితే బండి ఒక్కసారి కుదిపితే చాలు, ఎవరి కాయ ఎక్కడుందో తేల్చలేక ఏడుపులు. ఆ ఒక్క అయస్కాంతం కోసమే దీన్ని అంతగా మెచ్చుకున్నాను.

చిన్న చిన్న ఇబ్బందులు ఉన్నాయి. డైస్‌కు అయస్కాంతం ఉండదు కాబట్టి సీటు కిందికి దొర్లిపోయేది, టిఫిన్ బాక్సు మూతలో వేయడం మొదలుపెట్టాక ఆ బాధ పోయింది. గళ్లు మరీ చిన్నవి, పిల్ల వేలు పెడితే అంకె కనబడదు. పది దాటి పదకొండుకు వెళ్లాక ఆట కుడి నుంచి ఎడమకు తిరుగుతుందని అర్థం కావడానికి మా అమ్మాయికి నెల పట్టింది, అది ఏ బోర్డయినా అంతే.

ఇక అసలు సంగతి. మొన్న మేలో ఒక పెళ్లికి వెళ్లి వచ్చి, బోర్డును కారు వెనకసీటు మీద మర్చిపోయాం. రెండు రోజులు కారు ఎండలోనే ఉంది. బెజవాడ మే ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు. తర్వాత ఆడుతుంటే పసుపు కాయ ఎత్తగానే ప్లాస్టిక్ ముక్క చేతిలోకి వచ్చింది, అడుగున ఉండే అయస్కాంతం బిళ్ల బోర్డుకే అంటుకుని ఉండిపోయింది. ఎండకు జిగురు వదిలిందని అనుకున్నాను. ఇంకొంచెం జిగురు పెట్టి అతికించేశాను. మిగతా పదిహేను కాయలు ఎలా ఉన్నాయో చూడాలని ఆ రోజు తట్టలేదు. నా తప్పు అక్కడే.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం బోర్డు సర్దుతుంటే రెండు ఆకుపచ్చ కాయలు బోలుగా ఉన్నాయి. ఒక బిళ్ల దొరికింది. రెండోది లేదు. అప్పటికి ఇరవై నెలల బాబు ఆ చాప మీదే కూర్చుని ఉన్నాడు, నోట్లో వేలు పెట్టుకుని.

ఇల్లంతా ఊడ్చాం. ఇనుప గరిటె నేలకు ఆనించి మంచం కింద, ఫ్రిజ్ కింద తిప్పాం, అంటుకుంటుందేమోనని. దొరకలేదు. పిల్లల డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఒకటా, రెండా?" అని. తెలియదన్నాను. "ఏమీ తినిపించకండి, తాగించకండి, వాంతి చేయించే ప్రయత్నం అసలు వద్దు, వెంటనే ఎక్స్‌రేకి తీసుకెళ్లండి" అన్నారు.

ఎందుకంత తొందర అనేది ఆస్పత్రిలో చెప్పారు. ఒక్క బిళ్ల మింగితే చాలావరకు దానంతటదే బయటికి వచ్చేస్తుంది. రెండు మింగితే, అదీ కాస్త అటూ ఇటూ సమయంలో మింగితే, పేగులో ఒకటి ఒక మడతలో, ఇంకొకటి పక్క మడతలో ఉండి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో ఇరుక్కున్న పేగు గోడకు రక్తం అందక చిల్లు పడుతుంది. అయస్కాంతంతో పాటు ఇంకేదైనా ఇనుప ముక్క మింగినా అదే ప్రమాదం. మొదట్లో పిల్లవాడు మామూలుగానే ఆడుకుంటూ ఉండొచ్చట, అందుకే చాలామంది ఆలస్యం చేస్తారట. లోహం ఎక్స్‌రేలో స్పష్టంగా కనబడుతుంది కాబట్టి ముందు అదే తీస్తారు.

మావాడి పొట్టలో ఏమీ లేదు. ఆ ఫిల్ము చూసినప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు. పాలకోసం గుక్కపెట్టి ఏడుస్తున్న పిల్లవాణ్ని రెండు గంటలు ఎత్తుకుని తిరిగిన ఆ వరండా ఇప్పటికీ కళ్ల ముందు కనబడుతుంది.

బిళ్ల మంగళవారం దొరికింది. అత్తయ్య జాకెట్టు కుట్టడానికి కూర్చుంటే కుట్టుమిషన్ ఇనుప కాలికి, లోపలివైపు అంటుకుని ఉంది. మేము గరిటె తిప్పింది నేల మీద, అదేమో జానెడు ఎత్తులో ఉంది.

ఆ తర్వాత నాకు అర్థమైనవి కొన్ని ఉన్నాయి. మనదేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ గుర్తు తప్పనిసరి. మేము కొన్నప్పుడు అట్టపెట్టె మీద ఆ గుర్తు ఉందో లేదో చూడనేలేదు. ఇప్పుడు ఏది కొన్నా ముందు అదే వెతుకుతున్నాను. రెండోది, మూడేళ్లలోపు పిల్లల గొంతుకు ఏ వస్తువు అడ్డం పడొచ్చో తేల్చడానికి వాడే కొలత గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, అందులో పట్టేదేదైనా ప్రమాదమే. మన పదిరూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లే, అది కూడా అందులో పడిపోతుంది. అంటే లూడో కాయ అయస్కాంతం ఊడకపోయినా చంటిపిల్లల దగ్గర ఉండాల్సిన వస్తువు కాదు. ఈ మాట నేను ఇంతమందికి ఈ బోర్డు కొనమని చెప్పేటప్పుడు ఒక్కసారీ అనలేదు. మా ఆడపడుచుకు ఆ రాత్రే ఫోన్ చేసి కాయలన్నీ చూడమన్నాను. వాళ్లవి గట్టిగానే ఉన్నాయి. వాళ్ల బోర్డు ఎండలో ఎప్పుడూ లేదు మరి.

ఇంట్లో ఇప్పుడు బాబు మెలకువగా ఉన్నప్పుడు అష్టాచెమ్మా ఆడుతున్నాం. గచ్చు మీద సుద్దముక్కతో అయిదుకు అయిదు, ఇరవై అయిదు గళ్లు, పెద్దగా గీస్తాను. కాయలుగా పిల్లల బొమ్మకార్లు. గవ్వలు మాత్రం అత్తయ్య చేతిలోనే. ఆట అయ్యాక నాలుగూ లెక్కపెట్టి కొంగున ముడేసుకుంటారు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా, రెండింటికీ మళ్లీ ఆడొచ్చు. ఎదుటివాళ్ల కాయ ఒక్కటైనా చంపకపోతే లోపలి గళ్లలోకి పోనివ్వరు అత్తయ్య. మా అమ్మాయి "అష్టా!" అని అరిచే అరుపు లూడోలో ఆరు పడినప్పుడు నేనెప్పుడూ వినలేదు. బాబు మధ్యలో వచ్చి కారు లాక్కుపోతాడు, అప్పుడు ఆట ఆగిపోతుంది, అది నిజమే. రైల్లో ఇది కుదరదు, అదీ నిజమే.

అందుకని మాగ్నెట్ బోర్డును పారేయలేదు. బీరువా పైన ఉంది. ఇంట్లో అయిదేళ్లు దాటిన పిల్లలే ఉండి, తరచూ రైలు ప్రయాణాలుంటే కొనొద్దని నేను చెప్పలేను. కొన్నరోజే ప్రతి కాయ అడుగునా గోరు పెట్టి లాగి చూడండి, కారులో వదలకండి. పాకే పిల్లలు, నడక నేర్చే పిల్లలు ఉన్న ఇంటికైతే వద్దనే అంటాను.

వచ్చే నెల దసరాకు మళ్లీ రత్నాచల్ ఎక్కుతాం. బోర్డు తీసుకురమ్మని మా అమ్మాయి అప్పుడే అడుగుతోంది. బాబు మా ఆయన ఒళ్లో నిద్రపోయాక తీస్తానన్నాను. పదహారు కాయల్లో ఆ మూడూ పడేశాను కాబట్టి లెక్క ఇప్పుడు పదమూడు. బోర్డు తీసేటప్పుడూ మూసేటప్పుడూ ఆ పదమూడూ తనే నాకు పైకి లెక్కపెట్టి చూపించాలి.