ఒకటి బలహీనపడితే ఆరూ కొనాలి: గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు మార్చిన అనుభవం

48 వోల్టుల గోల్ఫ్ కార్ట్‌లో 8 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీలు ఆరింటిని కొన్నేళ్లు వాడి, ఈ మధ్యనే సెట్టు మొత్తం మార్చిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. వీటి మీద నా ఫిర్యాదు ఒక్కటే. ధర ఒక్కో బ్యాటరీకి చెబుతారు, ఖర్చు మాత్రం చివరికి ఆరింటికీ కలిపే వస్తుంది.

మా బండి చదునైన దారిలో మామూలుగానే నడిచేది. చిన్న ఎత్తు ఎక్కవలసి వచ్చినప్పుడు మాత్రం వేగం ఒక్కసారిగా పడిపోయేది. రాత్రంతా చార్జింగ్ పెట్టి ఉదయం మల్టీమీటరుతో చూస్తే ఆరు బ్యాటరీలూ 8.4 వోల్టుల దరిదాపుల్లోనే ఉండేవి కాబట్టి, బ్యాటరీలకు ఏ లోపమూ లేదని, తేడా మోటారులోనో, దానికి కరెంటు అందించే కంట్రోలర్‌లోనో ఉందని మొదట చూసిన మెకానిక్ తేల్చి చెప్పాడు. ఆ మాట విని కంట్రోలర్ కొని ఉంటే ఆ డబ్బు కూడా వృథా అయ్యేదే. రెండో మెకానిక్ మీటరు తీగలను పొడిగించి, ఒక్కొక్క బ్యాటరీకి తగిలించి, బండిని ఎత్తు మీదికి నడిపించి చూశాడు. ఐదు బ్యాటరీలు 7.8 వోల్టులకు అటూ ఇటూగా నిలబడగా, నాలుగోది మాత్రం 6 వోల్టులకు జారిపోయి, బండి ఆగగానే ఏమీ ఎరగనట్టు మళ్లీ 8 దాటింది. ఆసిడ్ సాంద్రతను బట్టి చార్జ్ ఎంత ఉందో చెప్పే హైడ్రోమీటరు పెట్టి చూస్తే, ఆ బ్యాటరీలోని నాలుగు సెల్స్‌లో (రెండేసి వోల్టుల గదులు) మూడు నిండు చార్జ్‌కు దగ్గరగా 1.270 దగ్గర ఉన్నాయి, ఒక్క సెల్ మాత్రం 1.190 దగ్గరే ఆగిపోయింది. ఇరవై నాలుగు సెల్స్‌లో ఒకే ఒక్కటి!

వారంటీ గడువు ఇంకా మిగిలి ఉండడంతో అమ్మకందారు పేచీ పెట్టకుండా ఆ ఒక్క బ్యాటరీ మార్చి ఇచ్చాడు. బండి మళ్లీ ఎత్తు ఎక్కింది. ఆ రోజుల్లో ఈ బ్యాటరీల గురించీ, ఆ వారంటీ గురించీ అడిగినవారికీ అడగనివారికీ గొప్పగానే చెప్పాను. అయితే ఆరు బ్యాటరీలూ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనుక ఒకటిగా కలిపి ఉన్నప్పుడు చార్జర్‌కు కనిపించేది మొత్తం వోల్టేజీ మాత్రమే. ప్లేట్ల మీద సల్ఫేట్ పొర పేరుకున్న పాత బ్యాటరీల వోల్టేజీ చార్జింగ్‌లో త్వరగా పైకి లేస్తుంది, దానితో పని పూర్తయిందనుకుని చార్జర్ కట్టేసుకుంటుంది, కొత్తది సగం ఆకలితో మిగిలిపోతుంది. కొన్ని నెలల తరువాత హైడ్రోమీటరుతో చూస్తే కొత్త బ్యాటరీ సెల్స్ నాలుగూ 1.240 దాటడం లేదు. ఇక పాత ఐదింటినీ మార్చమని అడిగితే, విడివిడిగా పరీక్షిస్తే అవన్నీ పాసవుతున్నాయి కాబట్టి వారంటీ వర్తించదన్నారు. కలిపి వాడే వస్తువుకు విడివిడిగా వారంటీ ఇవ్వడంలోని సౌకర్యం ఎవరికో వేరే చెప్పనవసరం లేదు.

నీళ్లు పోస్తే చాలు, వేరే పోషణ అక్కరలేదని నేను ఒకప్పుడు అన్న మాటకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. కాకపోతే ఆ నీళ్లు డిస్టిల్డ్ వాటరే కావాలి, ప్లేట్లు బయటపడితే తప్ప చార్జింగ్ అయిన తరువాతే పోయాలి, ఎండాకాలంలో చాలా తరచుగా చూసుకోవాలి. పైగా ఆసిడ్ ఆవిరి కేబుల్ చివర ఉండే లోహపు లగ్గులను తినేస్తుంది. మా బండిలో రెండు కేబుళ్లకు తొడుగు లోపలి దాకా తెల్లటి పొడి పట్టి ఉండడంతో అవి కూడా మార్చవలసి వచ్చింది. ఊరట కలిగించిన సంగతి ఒకటుంది. ఒక్కో పాత బ్యాటరీ సుమారు 29 కిలోలు తూగింది, అందులో ఎక్కువ భాగం తిరిగి వాడుకోదగిన సీసమే. తూకం వేసి బిల్లులో తగ్గించిన మొత్తం, కేబుళ్లకు పెట్టిన ఖర్చు పోగా ఇంకా కొంత మిగిలింది.

లిథియం గురించి ఆలోచించకపోలేదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్‌లో సెల్స్‌ను సమంగా ఉంచడానికి లోపలే బీఎంఎస్ అనే సర్క్యూట్ ఉంటుంది. నా ఫిర్యాదుకు అసలైన జవాబు అదే. బరువు కూడా మూడో వంతుకు మించదు. కానీ దానికి తగిన చార్జర్ వేరే కొనాలి. వోల్టేజీ దాదాపు చివరి వరకూ ఒకేలా ఉంటుంది కాబట్టి వోల్టేజీని బట్టి చార్జ్ చూపే బండిలోని పాత మీటరు నిండుగా ఉన్నట్టే చూపిస్తూ ఉండగానే బండి ఆగిపోగలదు, అందుచేత మీటరు కూడా మార్చాలి. ఇవన్నీ కలిపితే వచ్చిన మొత్తం నా వాడకానికి ఎక్కువనిపించింది.

నా బండి తిరిగేది తక్కువ దూరం, ఎక్కువగా చదునైన నేల మీద. పాత చార్జర్ ఇంకా బాగుంది. నీళ్లు చూసుకునే మనిషి ఉన్నాడు. అందుకే మళ్లీ లెడ్-యాసిడ్ సెట్టే వేయించాను. రోజంతా ఎత్తుపల్లాల్లో బండి తిప్పేవారి లెక్క ఇలా ఉండకపోవచ్చు. ఈసారి సెట్టు మొత్తానికి కలిపి వారంటీ రాసివ్వమని అమ్మకందారును అడిగాను. ఆయన ఒప్పుకోలేదు గానీ, టెర్మినల్ పక్కన కొట్టిన తేదీ కోడ్‌లు చూపించి, ఒకే నెలలో తయారైన ఆరింటిని ఏరి ఇచ్చాడు.