తాకట్టు త్వరగా అవుతుంది, వడ్డీ కాగితం చదవండి

బడి ఫీజులు, పెంచిన ఇంటి అద్దె ఒకేసారి మీద పడటంతో మా వీధి చివర ఉన్న బంగారు రుణాల సంస్థలో గాజులు తాకట్టు పెట్టాను. పని మాత్రం వేగంగా చేశారు. గీటురాయి మీద గీసి చూసి, నా కళ్లెదుటే తూకం వేసి, రాళ్ల బరువు తీసేసి, గంటలోపే డబ్బు ఖాతాలో వేశారు. తూకంలో దాపరికం లేదు, అది మెచ్చుకోవాలి.

వడ్డీ దగ్గరే నాకు కోపం వచ్చింది. కౌంటర్‌లో అమ్మాయి "నూటికి రూపాయే మేడమ్" అంది. అంటే ఏడాదికి 12 శాతం. కాగితం చదివితే ఆ రేటు నెలనెలా వడ్డీ కట్టేవారికే. మూడు నెలలు బాకీ పడితే 24 శాతం, అంటే నూటికి రెండు రూపాయలు! జీతం సరుకులకే చాలని ఇంట్లో నెలనెలా ఎవరు కట్టగలరు? ఆ ముక్క ముందే నోటితో చెప్పాలి కదా.

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2024 అక్టోబరు నుంచి ఇలాంటి అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఇచ్చి తీరాలి. ఇతర ఛార్జీలు కూడా కలిపిన వార్షిక రేటు అందులో ఉంటుంది. నాకు అడిగాకే ఇచ్చారు. మీరు అది చేతికి వచ్చేదాకా సంతకం పెట్టకండి. నాలుగైదు రోజులు ఆగగలిగితే ముందు ప్రభుత్వ బ్యాంకులో రేటు కనుక్కోండి.